కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద బల్లలు వేయాలంటే: ఒడిశా సరిహద్దు పట్టణాల్లో అనుమతి తీసుకోవడం, ఇరుగుపొరుగు అభ్యంతరాలు పరిష్కరించుకోవడం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం పట్టణాల్లో టిఫిన్ సెంటర్లు, టీ కొట్లు నడిపే మన తెలుగువాళ్లు పదే పదే అడిగేవి రెండు. కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద నాలుగు బల్లలు వేసుకోవడానికి లైసెన్సు ఎలా తీసుకోవాలి? పక్కింటివాళ్లు కంప్లయింట్ పెడితే ఏం చేయాలి?

రెంటికీ కలిపే జవాబు చెప్పాలి. ఎందుకంటే అనుమతి ఆగిపోయేది ఎక్కువగా వీధివాళ్ల కంప్లయింట్ దగ్గరే. ముందు వీధిలో మాట్లాడుకుని తర్వాత మున్సిపాలిటీకి వెళ్తే పని సాఫీగా సాగుతుంది. చాలామంది ముందు బల్లలు వేస్తారు, కంప్లయింట్ వచ్చాక ఆఫీసుకి పరిగెడతారు, చివరికి పొరుగువాళ్లతో మాట్లాడతారు. దయచేసి కింద చెప్పిన వరస మార్చకండి.

## 1. మీది బండా, కొట్టా? ముందు తేల్చుకోండి

చట్టం దృష్టిలో ఈ రెంటికీ పోలిక లేదు.

బండి, తట్ట, తాత్కాలిక గుడారం అయితే మీరు వీధి వ్యాపారి. మీకు వర్తించేది 2014 వీధి వ్యాపారుల చట్టం. మీకు కావలసింది వెండింగ్ సర్టిఫికెట్, దాంతోపాటు గుర్తింపు కార్డు.

నాలుగు గోడల కొట్టు ఉండి, బల్లలు మాత్రం బయట వేస్తామంటే మీరు వీధి వ్యాపారి కారు. మీ ట్రేడ్ లైసెన్సు కొట్టు లోపలికే చెల్లుతుంది. గడప అవతల ఒక్క స్టూలు వేసినా అది ప్రజల దారి. దాన్ని వాడుకోవడానికి మున్సిపల్ కమిషనర్ లేదా ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ నుంచి విడిగా, రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. మన చిన్న పట్టణాల్లో దీనికంటూ అచ్చేసిన ఫారం ఉంటుందని ఆశపడకండి. తెల్లకాగితం మీద దరఖాస్తే రాసుకోవాలి. నమూనా 6వ అంచెలో ఇచ్చాను.

కొట్టు ఉన్నవాళ్లు వెండింగ్ సర్టిఫికెట్ కోసం ప్రయత్నించడం తరచూ జరిగే పొరపాటు. తనకు వేరే జీవనాధారం లేదని, తాను గానీ కుటుంబ సభ్యులు గానీ స్వయంగా వ్యాపారం చేస్తామని హామీ రాసిస్తేనే ఆ సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని అద్దెకు ఇవ్వకూడదు, బదిలీ చేయకూడదు. “నెలకింత ఇవ్వు, నా కార్డు వాడుకో” అనేవాళ్లు ఎదురైతే ఒప్పుకోవద్దు. రేపు కార్డు రద్దయితే మీ బండీ పోతుంది, ఆ పేదవాడి హక్కూ పోతుంది.

## 2. ఆ స్థలం ఎవరి కింద ఉంది?

ఫుట్‌పాత్ అంతా మున్సిపాలిటీదే అనుకోకండి. దరఖాస్తు తప్పు ఆఫీసుకి వెళ్తే నెలలు గడిచాక “ఇది మా పరిధిలో లేదు” అన్న జవాబు వస్తుంది.

- వార్డు లోపలి వీధి సాధారణంగా మున్సిపాలిటీది లేదా కార్పొరేషన్‌ది.
- ఊరి మధ్యనుంచి పోయే పెద్ద రోడ్డు రాష్ట్ర వర్క్స్ శాఖది అయ్యుండొచ్చు.
- జాతీయ రహదారి పక్కన అయితే 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ చట్టం వర్తిస్తుంది. బరంపురం దగ్గర 16వ నంబరు రహదారి, రాయగడ, జయపురాల మీదుగా 326వ నంబరు రహదారి ఇలాంటివే. అక్కడ మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం ఒక్కటే సరిపోదు.
- స్టేషన్ రోడ్డులో కొంత మేర రైల్వే స్థలం ఉంటుంది. గుడి ముందు స్థలం దేవాలయానిది కావచ్చు.

ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో మీ కొట్టు ఖాతా, ప్లాటు నంబరు కొట్టి చూడండి. మీ పట్టా హద్దు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఒక్కోసారి కొట్టు ముందు రెండు మూడు అడుగులు మీ యజమాని పట్టాలోనే ఉంటుంది. అప్పుడు ఆ మేరకు రోడ్డు అనుమతి అక్కర్లేదు, యజమాని ఒప్పుకుంటే చాలు. ఇది తెలియక అనవసరంగా తగాదా పడ్డవాళ్లున్నారు.

రాయగడ, కొరాపుట్ జిల్లాల వాళ్లకు ఇంకో మాట. ఈ రెండూ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గిరిజనుల స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1956 నాటి రెగ్యులేషన్ నిషేధిస్తుంది. కొట్టు యజమాని గిరిజనుడైతే అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు తహసీల్దారు ఆఫీసులో గానీ, తెలిసిన వకీలు దగ్గర గానీ అడగండి. కొట్టు కాగితమే నిలబడకపోతే దాని ముందు బల్లకు అనుమతి అడగడం దండగ.

## 3. టేపు పట్టి కొలవండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన అంచె ఇదే.

ఇంజనీరు వచ్చినప్పుడు చూడవలసింది ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు కాదు, అడ్డు లేకుండా మిగిలిన నడక దారి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం ఇచ్చిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకం ప్రకారం నడక దారి కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు, ఖాళీగా ఉండాలి. తలపైన 2.2 మీటర్ల ఎత్తు వరకు ఏదీ తగలకూడదు. బజారు వీధుల్లో ఇంకా ఎక్కువ వెడల్పు అడుగుతుంది.

కొలిచే పద్ధతి:

- గోడ నుంచి రోడ్డు అంచు రాయి వరకు మొత్తం కొలవండి.
- కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, చెట్టు మొదలు, మీ కొట్టు మెట్లు, సైన్‌బోర్డు ఎంత మేర ఆక్రమించాయో తీసేయండి.
- మిగిలినదాంట్లో ఆరడుగులు దారికి వదలండి.
- ఆ తర్వాత ఏమైనా మిగిలితే అదే మీరు అడగగలిగిన స్థలం.

లెక్క వేసి చూద్దాం. పది అడుగుల ఫుట్‌పాత్. స్తంభం ఒక అడుగు మింగింది. ఆరు దారికి పోయాయి. మిగిలింది మూడు. నాలుగు కుర్చీల ప్లాస్టిక్ బల్లకు బల్ల రెండున్నర, అటూ ఇటూ మనుషులు కూర్చోవడానికి రెండేసి, మొత్తం ఆరున్నర అడుగులు కావాలి. కాబట్టి కుదరదు. గోడకు కీళ్లతో బిగించిన అడుగు వెడల్పు చెక్క, దాని ముందు స్టూళ్లు అయితే మూడడుగుల్లో సరిపోతాయి. కొట్టు మూసేటప్పుడు చెక్క దించేస్తే గోడకు అతుక్కుంటుంది. మన పట్టణాల్లో చాలాచోట్ల అడగదగింది ఇదే. ఇడ్లీ, పూరీ తినడానికి జనానికి ఇది బాగానే సరిపోతుంది.

ఫుట్‌పాత్ ఎనిమిది అడుగులకంటే తక్కువైతే బయట కూర్చోబెట్టే ఆలోచన మానుకోండి. లోపల నిలబడి తినే గట్టు కట్టించుకోండి. ఎంత పలుకుబడి ఉన్నా సరే. ఆ వీధిలో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లు మీ బల్లలవల్ల లారీల మధ్యకు దిగి నడవాల్సి వస్తే ఏ కాగితమూ దాన్ని సమర్థించజాలదు. ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద పౌరుల హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇప్పుడు ముగ్గుపిండి తీసుకుని సాయంత్రం రద్దీ వేళ గీత గీయండి. గీత లోపల స్టూళ్లు వేసి నలుగురిని కూర్చోబెట్టండి. కూర్చున్నవాళ్ల మోకాళ్లు, చేతిసంచీలు గీత దాటుతున్నాయా చూడండి. రెండు చేతుల్లో నీళ్ల బిందెలు పట్టుకున్న మనిషి పక్కకు తిరగకుండా నడిచిపోగలగాలి. ఆ సమయంలోనే టేపు కనబడేలా ఫోటో తీయండి. దరఖాస్తుకు జతచేయడానికి ఇంతకంటే మంచి కాగితం లేదు.

మురుగుకాలువ సంగతి: మనకు చాలా వీధుల్లో ఫుట్‌పాత్ అంటే కాలువ మీద పరిచిన సిమెంటు పలకలే. పూడిక తీయడానికి వాటిని లేపుతారు. వాటిమీద టైల్స్ అతికించడం, స్తంభాలు పాతడం, గ్యాస్ పొయ్యి గద్దె కట్టడం చేయకండి. వేసింది ఏదైనా ఐదు నిమిషాల్లో లోపలికి తీసేలా ఉండాలి.

## 4. దరఖాస్తుకంటే ముందు ఇంటింటికీ వెళ్లండి

ఎవరెవరిని కలవాలి: అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు, ఎదురుగా మూడిళ్లు. దగ్గరలో బడి, క్లినిక్, గుడి ఉంటే అక్కడి బాధ్యులు. మీ కొట్టు పై అంతస్తులో ఉండేవాళ్లను మరిచిపోకండి. నూనె పొగ ముందు వాళ్ల వంటింట్లోకే వెళ్తుంది.

సాయంత్రం నాలుగైదు గంటల మధ్య వెళ్లండి. పొద్దున్న బేరం మధ్యలో మనిషిని పంపి సంతకం తెమ్మనకండి. మీరే వెళ్లాలి.

“మీకు అభ్యంతరమా?” అని అడిగితే “లేదు బాబూ” అని పంపేస్తారు, పది రోజులకు కంప్లయింట్ వస్తుంది. అడగవలసిన తీరు వేరు:

“మౌసీ, పొద్దున్న మీ అబ్బాయి బండి ఎన్నింటికి బయటికి తీస్తాడు? ఆ వేళకు మీ గేటు ముందు ఎవరి బండీ ఉండకుండా చూస్తాను.”

“మాస్టారూ, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? గిన్నెలు తోమే చప్పుడు మీ కిటికీకి వినిపిస్తోందా?”

ఇలా అడిగితే అసలు ఇబ్బంది బయటపడుతుంది. దాన్ని అక్కడే పుస్తకంలో రాసుకోండి. ఒడియా పెద్దలతో ఒడియాలోనే మాట్లాడండి. సరిగా రాకపోతే వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఆ తర్వాత ఒక చిన్న ఒప్పుకోలు కాగితం రాసి రెండోసారి వెళ్లండి. ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి:

> “మా కొట్టు ముందు గోడవైపు మూడడుగుల మేర, ఉదయం 6.30 నుంచి 11 వరకు, సాయంత్రం 4.30 నుంచి 9 వరకు మాత్రమే స్టూళ్లు వేస్తాము. ఆరడుగుల దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాము. మీ గేటు ముందు బండ్లు ఆపనివ్వము. ఎంగిలి నీళ్లు, నూనె కాలువలో పోయము. మూసేముందు ఇరువైపులా ఊడుస్తాము. ఇబ్బంది కలిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఈ షరతుల మీద మాకు అభ్యంతరం లేదని కింద సంతకం చేసినవారము.”

సంతకాల కోసం డబ్బులు, ఉచిత టిఫిన్లు ఇవ్వకండి. అలా వచ్చిన సంతకం మొదటి పేచీకే ఎదురు తిరుగుతుంది. నిలబెట్టుకోలేని మాట కూడా రాయకండి. ఒకరిద్దరు సంతకం పెట్టకపోయినా దరఖాస్తు ఆగదు. వాళ్లు చెప్పిన కారణం, దానికి మీరు చేసిన ఏర్పాటు దరఖాస్తులో నిజాయితీగా రాయండి. దాచిపెడితే వాళ్ల కంప్లయింటు ద్వారా ఆఫీసుకు తెలుస్తుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇంకొకటి, మన సరిహద్దు ఊళ్లలో చాలా ముఖ్యం. స్టూళ్ల పేచీని తెలుగువాళ్లు, ఒడియావాళ్లు అనే గొడవగా ఎవరు మలచబోయినా మీరు ఒప్పుకోకండి, మీ పక్షాన మాట్లాడేవాళ్లయినా సరే. తరాలుగా ఒకే వీధిలో పెళ్లిళ్లు, చావులు పంచుకున్న ఇళ్లవి. మాట ఎప్పుడూ అడుగులు, వేళలు, నీళ్లు, పొగ దగ్గరే ఉంచండి.

## 5. కాగితాలు

- ట్రేడ్ లైసెన్సు. ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడండి. గడువు తీరిన లైసెన్సుతో బయట స్థలం అడగకండి.
- ఫోస్కోస్ పోర్టల్‌లో ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు. 2011 నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్, 100 రూపాయల ఫీజు పెట్టాయి. దరఖాస్తు రోజున పోర్టల్‌లో కనబడే హద్దునే పాటించండి. 14 అంకెల నంబరు కొట్టులో కనబడేలా పెట్టాలి.
- అద్దె ఒప్పందం, బయట స్టూళ్లు వేయడానికి యజమాని అంగీకారం.
- కమర్షియల్ గ్యాస్ కనెక్షన్ రసీదు. ఇంటి 14.2 కిలోల సిలిండరు కొట్టులో వాడటం నేరం. కంప్లయింట్ పెట్టేవాళ్లు మొదట చూపించేది దాన్నే. 19 కిలోల సిలిండరు వాడండి, దాన్ని ఫుట్‌పాత్ మీద పెట్టకండి.
- కొలతల పటం, ముగ్గు గీత ఫోటోలు, పొరుగువారి ఒప్పుకోలు కాగితం.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో చివర ఉంటుంది, ఒడియాలో అచ్చయిన రేషన్ కార్డులో ఇంటిపేరు ఉండనే ఉండదు. మూడూ ఒకే మనిషివని గుమస్తా ఒప్పుకోడు. దరఖాస్తు చేయకముందే ఆధార్‌లో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకుని మిగతావి సరిచేయించండి. అంతవరకు ఆగలేకపోతే ఇవన్నీ తన పేర్లేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి.

## 6. కొట్టువారి దరఖాస్తు

ఒడియాలో రాయించండి. ఒకే పేజీ చాలు. పలుకుబడి, పెద్దల పేర్లు, కష్టాల కథ వద్దు. ఆఫీసరుకు కావలసింది అంకెలు.

> “వార్డు నం. ..., ... వీధిలో ట్రేడ్ లైసెన్సు నం. ... తో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. కొట్టు ముందు ఫుట్‌పాత్ వెడల్పు ... అడుగులు. అందులో గోడ వెంబడి ... అడుగుల వెడల్పు, ... అడుగుల పొడవున మడిచే చెక్క, ... స్టూళ్లు పెట్టుకోవడానికి, ... నుంచి ... గంటల వరకు తాత్కాలిక అనుమతి కోరుతున్నాను. స్థిర నిర్మాణం ఉండదు. ఆరడుగుల దారి ఖాళీగా ఉంటుంది. పూడిక తీసే రోజున, ఊరేగింపు రోజున, ఆఫీసు కోరిన రోజున వెంటనే తీసేస్తాను. నిర్ణీత ఫీజు చెల్లిస్తాను. పటం, ఫోటోలు, పొరుగువారి కాగితం జతచేశాను.”

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. ఈ ముద్ర లేకుండా ఇంటికి రాకండి. ట్రాఫిక్ పోలీసులకు ఒక నకలు ఇవ్వండి. మీ కార్పొరేటరుకు లేదా కౌన్సిలరుకు కూడా ముందే చూపించండి. కంప్లయింట్ మొదట చేరేది వాళ్లకే.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద అర్జీ వేయండి. ఒడిశాలో దీనికి ఫారం ‘ఎ’ ఉంది, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. “నా డైరీ నంబరు దరఖాస్తు ఏ దశలో ఉంది, ఎవరి బల్ల మీద ఉంది?” అని మాత్రమే అడగండి.

నోటిమాట అనుమతి అనుమతి కాదు. “వేసుకో, ఎవరూ ఏమనరు” అన్న మనిషి బదిలీ అయ్యాక మీ చేతిలో ఏమీ ఉండదు.

## 7. బండివారికి వెండింగ్ సర్టిఫికెట్

నిర్ణయం టౌన్ వెండింగ్ కమిటీది. కమిషనర్ లేదా ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ అధ్యక్షులు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే, వారిలో మూడోవంతు మహిళలు. కాలనీ సంక్షేమ సంఘాలకూ ఆ కమిటీలో చోటుంది. పొరుగువారి గొంతు వినిపించే చోటు కూడా అదే.

1. ఐదేళ్లకోసారి జరగాల్సిన సర్వేలో మీ పేరుందా కనుక్కోండి. సర్వే రోజున బండి దగ్గర మీరే ఉండాలి, పనివాణ్ణి నిలబెట్టకండి.
2. పేరు లేకపోతే రెండు సర్వేల మధ్య కూడా దరఖాస్తు చేయవచ్చు. ఆ ప్రాంతంలో ఖాళీని బట్టి కమిటీ ఇస్తుంది.
3. స్థిరంగా ఒకచోటా, తిరుగుతూనా, వేళల ప్రకారమా అన్నది స్పష్టంగా రాయండి.
4. సర్టిఫికెట్ లేదా సిఫారసు లేఖ ఉంటే వీధి వ్యాపారుల కోసం ఉన్న కేంద్ర పథకం పీఎం స్వనిధి అప్పుకు వెళ్లవచ్చు. 2025 ఆగస్టు మార్పుల తర్వాత తొలి విడత 15,000, రెండోది 25,000, మూడోది 50,000 రూపాయలు. పథకం 2030 మార్చి వరకు పొడిగించారు.

సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఉన్న వ్యాపారులను ఖాళీ చేయించకూడదని చట్టంలోని 3వ సెక్షను చెబుతుంది. సర్వే, ప్రణాళిక లేకుండా ఏ వీధినీ అమ్మకాల నిషేధ ప్రాంతంగా ప్రకటించకూడదు. రద్దీగా ఉందన్న కారణం కూడా అలాంటి ప్రకటనకు చాలదు. ఈ వాక్యాలు ఒడియాలో ఒక కాగితం మీద రాయించి బండిలో ఉంచుకోండి.

## 8. ఏ అభ్యంతరానికి ఏ మందు

“కాలువ కంపు కొడుతోంది.” కంపుకు కారణం సాధారణంగా పిండిగిన్నెలు కడిగిన నీళ్లు. గంజిలాంటి ఆ నీళ్లు కాలువలో పులుస్తాయి, నూనె దానిమీద గడ్డకడుతుంది. గిన్నెను ముందు చేత్తోనో రబ్బరు గరిటెతోనో గీకి ఆ పిండిని తడిచెత్త డబ్బాలో వేయండి. తర్వాత జల్లెడ మీదుగా బకెట్‌లోకి కడగండి. ఆ నీళ్లు రెండు గదులున్న జిడ్డు తొట్టిలోంచి పోయేలా పెట్టండి. మొదటి గదిలో నూనె పైకి తేలుతుంది, అడుగునుంచి నీళ్లు రెండో గదిలోకి వెళ్తాయి. తేలిన జిడ్డును రోజూ రాత్రి తీసి వేరే డబ్బాలో పెట్టాలి. ఇది ఒక్కటి సరిగా చేస్తే సగం కోపాలు చల్లారతాయి.

“పొగ, పోపు ఘాటు.” పొయ్యి ఫుట్‌పాత్ మీద ఉంటే లోపలికి మార్చండి. పొగగొట్టం పై అంతస్తు కిటికీకంటే పైకి పోవాలి. మాడిన నూనె మళ్లీ మళ్లీ కాచకండి, ఘాటు దానివల్లే పెరుగుతుంది.

“గేటు ముందు బండ్లు.” అందరికంటే ముందు కోపం తెప్పించేది ఇదే, మీ చేతిలో తక్కువగా ఉన్నదీ ఇదే. రద్దీ వేళ ఒక మనిషిని దీనికే పెట్టండి. “ఇక్కడ బండి ఆపినవారికి టిఫిన్ ఇవ్వము” అని మూడు భాషల్లో బోర్డు పెట్టి, నిజంగానే ఇవ్వకండి. నాలుగు బేరాలు పోతాయి, వీధి నిలుస్తుంది.

“తెల్లవారకముందే చప్పుడు.” నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. గ్రైండరు సాయంత్రమే ఆడించండి. బయట పాటలు వద్దు. స్టూళ్ల కాళ్లకు రబ్బరు బూట్లు వేయండి.

“ఎంగిలి కప్పులు, ఈగలు.” ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. స్టీలు పళ్లాలు, విస్తళ్లు వాడండి. తడిచెత్త, పొడిచెత్త మూతున్న డబ్బాల్లో వేరుగా ఉంచండి.

“రాత్రిపూట ఆకతాయిల గుంపు.” చెప్పిన వేళకు లైటు ఆర్పి స్టూళ్లు లోపల పెట్టేయండి. సిగరెట్లు, గుట్కా అమ్మకండి. వాటివల్ల వచ్చే లాభంకంటే, ఆడపిల్లలు ఆ దారిన నిశ్చింతగా నడవడం మీ కొట్టుకు ఎక్కువ మేలు.

## 9. కంప్లయింట్, నోటీసు వచ్చాక

కంప్లయింట్ పెట్టినవారి ఇంటికి కోపంగా వెళ్లకండి. ముందు నకలు తీసుకుని చదవండి. అందులో నిజమున్న అంశాన్ని రెండు రోజుల్లో సరిచేసి, ముందు, తర్వాత ఫోటోలతో రాతపూర్వక జవాబు ఇవ్వండి. జవాబులో అవతలివారి గుణగణాలు ఎత్తవద్దు.

పోలీసుల దాకా వెళ్తే దారికి అడ్డం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను కిందకు వస్తుంది. 5,000 రూపాయల వరకు జరిమానా. అందుకే ముగ్గు గీత ఫోటోలు రోజూ కొత్తగా తీసుకుని ఉంచుకోవడం మంచిది.

సర్టిఫికెట్ ఉన్న బండివారిని తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడయ్యే సరుకైతే అడిగిన రోజే, మిగతావైతే రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలని వీధి వ్యాపారుల చట్టంలోని 19వ సెక్షను చెబుతుంది. జాబితా చదవకుండా సంతకం పెట్టకండి. న్యాయం జరగకపోతే సివిల్ జడ్జిగా లేదా జ్యుడిషియల్ మేజిస్ట్రేట్‌గా పనిచేసినవారు అధ్యక్షత వహించే వివాద పరిష్కార కమిటీకి రాయండి.

కొట్టువారికి ఈ రక్షణలు లేవు. అనుమతి షరతు దాటితే మీ స్టూళ్లను ఆక్రమణ కింద తీసుకుపోవచ్చు. నోటీసు రాగానే స్టూళ్లు లోపల పెట్టి, ఆ తర్వాతే వాదించండి. కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే ఉమ్మడి ఫిర్యాదుల విచారణలో, రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ జన సునాణి పోర్టల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. గంజాం జిల్లా కలెక్టరేట్ బరంపురంలో కాదు, ఛత్రపురంలో ఉందని గుర్తుంచుకోండి.

## 10. మీరు అభ్యంతరం చెప్పే ఇంటివారైతే

మీ హక్కూ అంతే గట్టిది. అయితే “వీధి పాడైపోతోంది” అంటే ఏ ఆఫీసరూ ఏమీ చేయలేరు. ఏ రోజు, ఏ వేళ, ఎన్ని అడుగుల దారి మిగిలింది, నీళ్లు ఎక్కడ పోశారు అని ఫోటోతో రాయండి. ఏం చేస్తే మీకు సమ్మతమో కూడా రాయండి: వేళ తగ్గించడం, పొగగొట్టం, స్టూళ్లు ఇన్నే ఉండటం. ముందు ఒకసారి కొట్టాయనతో నేరుగా మాట్లాడండి. బండివాడి కులం, భాష, ఊరు కంప్లయింటులో రాయడం తప్పు, దానివల్ల మీ అసలు ఇబ్బంది కూడా పక్కకు పోతుంది.

## 11. రోజూ, ఏటా చూసుకోవలసినవి

రోజూ తెరిచేముందు:
- గీత కనబడుతోందా, స్టూళ్లు గీత లోపలే ఉన్నాయా
- పొరుగు గేట్లు ఖాళీయా
- లైసెన్సులు, అనుమతి కాగితం నకలు గోడ మీద ఉన్నాయా

మూసేటప్పుడు:
- జిడ్డు తొట్టి శుభ్రం
- ఇరువైపులా ఒక్కో ఇంటి మేర ఊడవడం
- చెక్క దించి, స్టూళ్లు లోపలికి

నెలకోసారి పై అంతస్తువారిని, ఎదురింటివారిని పలకరించి ఇబ్బందుల పుస్తకం చూపించండి. రాసినవాటిలో ఏవి సరిచేశారో పక్కనే రాసి ఉండాలి.

ఏటా లైసెన్సు గడువుకు నెల ముందే రెన్యువల్ వేయండి. కొత్త దరఖాస్తుకు పొరుగువారి కాగితం కూడా కొత్తగా రాయించండి, అద్దె ఇళ్లలో మనుషులు మారతారు.

బరంపురంలో ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడాది ఘటాల ఊరేగింపు మీ వీధిలోంచి వెళ్తుందేమో ముందే కనుక్కోండి. ఆ రోజుల్లో ఆఫీసు అడగకముందే స్టూళ్లు ఎత్తేయండి. యాత్ర పేరుతో అదనపు బల్లలు వేయాలనుకుంటే దానికి పాత అనుమతి చాలదు, తేదీలతో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.